కమ్మీ తీసి బోర్డు పెట్టారు

మా వదినకి ఇంగ్లీషు మీద కోపం లేదు. కోపమంతా అందులో ఉండే చిన్న ముక్కల మీదే. పెద్ద మాటలు ఎంత పొడుగున్నా ఇట్టే పట్టేసేది. టెంపరేచర్, డిపార్ట్‌మెంట్, సస్పెన్షన్ లాంటివి ఆవిడకి మంచినీళ్ళ ప్రాయం. ఆన్, ఇన్, అప్, ఆఫ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం బెంచీ మీద అటూ ఇటూ కదిలేది.

“బస్సు ఎక్కినా ఎక్కడమే, కారు ఎక్కినా ఎక్కడమే కదే. బస్సుకి ఆన్ ఏంటి, కారుకి ఇన్ ఏంటి? బస్సులో మనం పైన టాపు మీద కూర్చుంటామా?”

“అది అంతే వదినా. గుర్తుపెట్టుకోవడమే.”

“అంతేనట! చదువుకున్నవాళ్ళకి జవాబు తెలియకపోతే చెప్పే మాట ఇదేనన్నమాట.”

క్యాంటీన్ మొత్తం ఘొల్లుమంది. పాఠం చెప్పేది నేను. మధ్యాహ్నం తిండి అయ్యాక బల్లలు తుడిచేసి, అక్కడే క్లాసు. ముందు వరసలో కూర్చుని నా గాలి తీసే బాధ్యత వదినది.

మేమిద్దరం పనిచేసేది ఆవిరి లాండ్రీలో. ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు వ్యాన్లలో మూటలుగా వస్తాయి. ఉతికి, పిండి, వేడి రోలర్ల మధ్యనుంచి లాగితే నున్నగా బయటపడతాయి. వాటిని మడతపెట్టి మళ్ళీ వ్యాన్లెక్కిస్తారు. వదిన రోలర్ మీద, నేను మడతల బల్ల దగ్గర. ఆవిడ మా ఆయనకి అక్క. భర్త పోయాక మా ఇంట్లో ఉంటోందని జనం అంటారు గానీ, నిజానికి మేమే ఆవిడ ఇంట్లో ఉంటున్నట్టు ఉండేది. ఉప్పు ఎక్కడుండాలో, తలుపు ఎప్పుడు వెయ్యాలో, మా ఆయన ఏ చొక్కా పారెయ్యాలో అన్నీ ఆవిడే చెప్పేది. ఆయన డ్రైవరు. ఎవరైనా పిలిస్తే పని, లేకపోతే గుమ్మంలో పేపరు. ఇంట్లోకి నిలకడగా వచ్చేది మా ఆడవాళ్ళిద్దరి జీతమే.

ఆ వేసవి మొదట్లో లాండ్రీ చేతులు మారింది. కొత్త యాజమాన్యం గోడలకి రంగులు వేయించింది. మేనేజరు గదికి ఏసీ పెట్టించింది. ఇకమీదట సూచనలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయనీ, యంత్రాల మీద పనిచేసేవాళ్ళు ఇంగ్లీషు పరీక్ష పాసవ్వాలనీ చెప్పింది. డిగ్రీ చదివిన పాపానికి ఆ పాఠాల పని నాకు అంటగట్టారు.

అదే వారంలో రోలర్ల ముందున్న అడ్డుకమ్మీలు ఊడదీశారు.

ఆ కమ్మీ గురించి చెప్పాలి. తడి దుప్పటి కొసలు ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకుని, సాగదీసి, రోలర్ నోటికి అందించాలి. అది లాక్కోవడం మొదలుపెట్టాక అంచు ముడుచుకుంటే వేలి కొసలతో టక్కున సరిచెయ్యాలి. రోలర్ నోటికి కాస్త ముందు అడ్డంగా ఒక ఇనపకమ్మీ ఉండేది. చెయ్యి ముందుకు వెళ్ళగానే వేళ్ళ కణుపులకి అది తగిలేది. తగిలితే చెయ్యి ఆగేది. రోలర్ మీద పాతబడిన వాళ్ళెవరూ ఆ పని చూస్తూ చెయ్యరు. కబుర్లు చెప్పుకుంటూ, పక్కవాళ్ళ మీద విసుర్లు విసురుతూ చేస్తారు. ఎక్కడ ఆగాలో కళ్ళకి కాదు, కణుపులకి తెలుసు.

మందపాటి దుప్పట్లు ఆ కమ్మీకి తట్టుకుని ఆలస్యమవుతున్నాయని సూపర్‌వైజరు అన్నాడు. కమ్మీ తీసేసి, రోలర్ పైన తెల్లటి బోర్డు మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాలు వేలాడదీశారు. యంత్రం నడుస్తుండగా రోలర్ల మధ్యకి చెయ్యి పోనివ్వరాదని దాని సారాంశం.

వదిన నడుం మీద చేతులు పెట్టుకుని ఆ బోర్డుని ఎగాదిగా చూసింది.

“బాగానే ఉంది గానీ, ఇది తగలదుగా?” అంది సూపర్‌వైజరుతో.

“చదవాలమ్మా. తగలడం కాదు.”

“చేతులకి చదువు రాదు బాబూ. నాకే అంతంతమాత్రం.”

అతను కూడా నవ్వాడు. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

అందరికంటే ముందు ఆ బోర్డునే నేర్పమన్నారు. నేర్పాను. వదిన ఒక్క పూటలో అప్పజెప్పేసింది. అప్పజెప్పడమే కాదు, తనతో జంటగా దుప్పటి పట్టే ఆవిడకి అర్థం విడమరిచి చెప్పింది. ఆవిడని మేమందరం రేడియో అనేవాళ్ళం. పొద్దున గేటు దగ్గర మొదలుపెడితే సాయంత్రం గేటు దగ్గరే ఆపేది. కొత్త పాఠాలకి రేడియో ఉత్సాహం కూడా తోడైతే క్లాసు క్లాసులా ఉండేది కాదు.

ఒకరోజు ‘పుట్ అప్ విత్’ చెప్పాను. భరించడం అన్నాను.

“ఉండు ఉండు,” అంది వదిన. “పుట్ అంటే పెట్టడం. అప్ అంటే పైకి. విత్ అంటే తోడు. ఈ మూడూ కలిసి భరించడం ఎలా అయ్యాయే?”

“అత్తగారిని అటకెక్కించి, తోడుగా మనమూ ఎక్కి కూర్చోవడం అయ్యుంటుంది అక్కా,” అంది రేడియో.

నవ్వీ నవ్వీ నా కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. వదిన మాత్రం నవ్వలేదు. ఆవిడకి నిజంగానే తేలాల్సిన విషయం అది.

“మనం ముందు వస్తువు చెప్పి, చివర చిన్న తోక తగిలిస్తాం. బల్ల మీద, బల్ల కింద. వీళ్ళు తోక ముందే ఊపుకుంటూ వస్తారు. దేని తోకో తెలిసేసరికి మన బుర్ర వాచిపోతుంది.”

పరీక్షలో ఆవిడ తప్పింది. బస్సుకి ఇన్ పెట్టింది, కారుకి ఆన్ పెట్టింది. ‘ఇంటు’ ఉండాల్సిన చోట ‘ఆన్’ రాసింది. మార్కులు అందరికీ కనపడేలా క్యాంటీన్ గోడమీద నల్లబల్లపై సుద్దతో రాయమన్నారు. రాశాను. తప్పినవాళ్ళకి వచ్చే నెల మళ్ళీ పరీక్ష అన్నారు. వదిన తన మార్కులు చూసుకుని, “సున్నా పక్కన ఏదో తోడుందిలే, ఒంటరిది కాదు” అంటూ చెయ్యి దులుపుకుని రోలర్ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఎండలు ముదిరాయి. రోలర్ హాల్లో నిలబడితే చెమట కళ్ళల్లోకి కారేది. ఏదో జ్వరాలు ప్రబలి ఆస్పత్రులు నిండిపోవడంతో మూటలు మామూలుకంటే ఎక్కువ వస్తున్నాయి. కమ్మీలు లేవు కాబట్టి రోలర్ వేగం కూడా పెంచారు.

ఆరోజు నా బల్ల మీదకి దుప్పట్లు రావడం హఠాత్తుగా ఆగిపోయింది. తలెత్తి చూసేలోపు కేక వినపడింది. కేక వేసింది వదిన కాదు, రేడియో. ఎడమచేత్తో ఎర్రమీట నొక్కి యంత్రం ఆపింది మాత్రం వదినే. నేను పరుగెత్తి వెళ్ళేసరికి ఆవిడ కుడిచెయ్యి మణికట్టు దాకా తెల్లటి దుప్పటిలో ఉంది. ఆ దుప్పటి తెలుపు ఎంతోసేపు నిలవలేదు. రోలర్ పైకెత్తడానికి మెకానిక్కు వచ్చేదాకా ఆవిడ నా భుజం మీద తల ఆనించి నిలబడింది. ఆవిడ బరువంతా నా మీద పడటం అదే మొదటిసారి.

చూపుడువేలు, మధ్యవేలు తీసేశారు. అరచేతి చర్మం కాలిపోయింది.

ఆస్పత్రిలో మెలకువ రాగానే ముందు ఎడమచేత్తో కింద పరిచిన దుప్పటి తడిమింది.

“ఇది మన మడత కాదే. ఎవరో బద్ధకంగా పెట్టారు.”

“ఇప్పుడు అదా వదినా నీకు?”

ఎడమచేత్తోనే ఆ మడత లాగి సరిచేసింది. తర్వాత మెల్లిగా అంది.

“అంచు ముడుచుకుంది. సరిచేద్దామని వేళ్ళు పెట్టాను. కమ్మీ తగులుతుందిలే అనుకుంది చెయ్యి. నాకు తెలుసు అది లేదని. చేతికే తెలియలేదు.”

నేను మొహం తిప్పేసుకున్నాను. మా ఆయన మంచం కోడు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. “ఊరుకోరా, పక్క మంచాల వాళ్ళు నేను పోయాననుకుంటారు” అని కసిరింది.

మర్నాడు మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. బయట ఎండ మండిపోతుంటే లోపల ఆయన కోటు వేసుకుని కూర్చున్నాడు. కూర్చోమన్నాడు. మంచినీళ్ళు ఇప్పించాడు. మర్యాద ఎక్కువైనకొద్దీ నాకు అనుమానం పెరిగింది.

“మీ వదినగారికి ప్రిపోజిషన్లు రావట కదా?”

“బోర్డు మీదున్నది ఆవిడకి కంఠస్థం సార్. అర్థం కూడా తెలుసు.”

“కంఠస్థం అంటున్నారు. పరీక్షలో ఇంటు, ఆన్ రెండూ తప్పు రాశారు. బోర్డు మీద ఆ రెండు మాటలూ ఉన్నాయి. మార్కులు వేసింది మీరే.”

“ఆవిడ తప్పు రాసింది బస్సుకీ కారుకీ సార్. రోలర్‌లో చెయ్యి పెట్టకూడదని ఎవరికి తెలియదు? ఇన్నేళ్ళు అక్కడ కమ్మీ ఉంది. దాన్ని తీసేశారు.”

ఆయన నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు.

“ఇది ఎవరి తప్పూ కాదమ్మా. భాషా సమస్య. బయటినుంచి అధికారి విచారణకి వస్తున్నారు. మీరు ఆ మార్కులు చెబితే చాలు. అబద్ధం ఆడమనడం లేదుగా? ఇంట్లో రెండు జీతాలుండేవి, ఇప్పుడు ఒక్కటే అయింది. ఆలోచించుకోండి.”

ఒళ్ళు మండిపోయింది. కమ్మీ గురించే చెబుతానని మొహం మీదే అనేసి బయటికొచ్చాను. అనేశానన్న తృప్తి ఉంది. అది కాదనను.

ఇంట్లో మా ఆయన నీళ్ళు నమిలాడు.

“నిజం చెప్పాలనే నాకూ ఉంది. చెప్పాక?”

“చెప్పాక ఏమైతే అదవుతుంది.”

“అయ్యేదేదో నాకు తెలుస్తోంది. నీకు తెలియట్లేదు.”

అప్పటికి వదిన ఇంటికొచ్చేసింది. కట్టుకట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని అంతా వింటోంది. నేను డ్యూటీలో ఉండగా మేనేజరు పళ్ళబుట్ట పట్టుకుని వచ్చి ఆవిడతో మాట్లాడి వెళ్ళాడని మా ఆయన చెప్పాడు. ఆ సమయంలో వదిన తనని మందులకి పంపించిందట. ఏం మాట్లాడాడంటే వదిన చెప్పలేదు.

“విచారణలో నువ్వు నోరు విప్పకు. నేను మాట్లాడతాను,” అని మాత్రం అంది.

సంబరపడ్డాను. వదిన నోరు తెరిస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. అధికారి ముందు మేనేజరుని నిలబెట్టి కడిగేస్తుందనుకున్నాను.

విచారణ క్యాంటీన్‌లోనే పెట్టారు. నల్లబల్ల మీద నా మార్కులు ఇంకా చెరపలేదు. చెరపలేదో, చెరపొద్దన్నారో. వచ్చిన అధికారి నడివయసు మనిషి, అలసటగా ఉన్నాడు. ముందు రేడియోని పిలిచి ఏం చూశావని అడిగాడు.

“నేను అటు తిరిగి ఉన్నానండీ,” అంది రేడియో.

ఆవిడ అంత క్లుప్తంగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. తిరిగి వెళ్తూ మా ఇద్దరివైపూ చూడలేదు. ఆవిడకీ పిల్లలున్నారు. నాకు కోపం రాలేదని చెప్పను, వచ్చింది. కానీ అటు తిరిగి ఎవరుంటారు ఆ పనిలో? ఇద్దరూ ఎదురెదురుగా ఉంటేనే దుప్పటి నిలుస్తుంది. అధికారికి ఆ సంగతి తెలియదు, అడగనూ లేదు.

తర్వాత వదినని పిలిచాడు. లేవబోతుంటే మా ఆయన పట్టుకోబోయాడు. వద్దని తనే లేచింది. తెల్లటి కట్టు ఛాతీకి ఆనించుకుని నిలబడింది.

“చెప్పండమ్మా. ఎలా జరిగింది?”

“నాకు ఆ చిన్న ముక్కలు రావండీ,” అంది వదిన. “మా మరదలు చెప్పింది, నాకే ఎక్కలేదు. బోర్డు తప్పుగా అర్థం చేసుకున్నాను. పొరపాటు నాదే.”

“వదినా!” అని లేచాను.

ఆవిడ తల తిప్పి చూసింది. పొయ్యి మీద పాలు పెట్టి నేను పుస్తకం పట్టుకుంటే ఇంట్లో చూసే చూపది. కూర్చున్నాను. అధికారి రాసుకున్నాడు. మేనేజరు ఏదో బాధ పడుతున్నవాడిలా తల వంచుకున్నాడు. పక్క హాల్లో మళ్ళీ రోలర్లు తిరగడం మొదలైంది.

బయటికొచ్చాక గేటు దాటేదాకా ఆగి అడిగాను.

“ఎందుకలా చెప్పావు? నీకు రాక కాదు. నీకు తెలుసు. నాకు తెలుసు. అక్కడున్న అందరికీ తెలుసు.”

“అరవకు, రోడ్డు మీద ఉన్నాం.”

“అరుస్తాను! ఇన్నేళ్ళు చేసిన పనికి చివరికి బోర్డు చదవడం రాని మొద్దువని రాయించుకున్నావు.”

ఆవిడ పక్కనున్న కొట్టు మెట్టుమీద కూర్చుంది. మా ఆయన రిక్షా కోసం ముందుకెళ్ళాడు.

“మేనేజరు కమ్మీ పెట్టిస్తానన్నాడే,” అంది. “తప్పు కంపెనీదన్న మాట వస్తే, ఆ తర్వాత కమ్మీ పెట్టడమంటే ఆ తప్పు ఒప్పుకున్నట్టవుతుందట. అందుకని ఎప్పటికీ పెట్టరట. తప్పు నాదైతే, గొడవ సద్దుమణిగాక చప్పుడు చెయ్యకుండా బిగించేస్తాడట. మాటిచ్చాడు.”

“ఆయన మాట నమ్మావా? కమ్మీ కోసం నీ పరువు తీసుకున్నావా?”

“నా చోటులో రోలర్ మీదకి ఎవర్ని మారుస్తున్నారో తెలుసా నీకు?”

నాకు తెలియదు.

“నిన్నే. సోమవారం నుంచి. అదీ ఆయనే చెప్పాడు. బెదిరించడానికి చెప్పాడో, జాలిపడి చెప్పాడో నాకు తెలియదు.” కట్టుకట్టిన చేతిని ఒళ్ళో సర్దుకుంది. “నా వేళ్ళు ఎటూ రావు. నీవి ఉన్నాయి కదే.”

ఆ మెట్టు మీదే ఆవిడ పక్కన కూలబడ్డాను. అంత ప్రేమ భరించడం కష్టం.

సోమవారం రోలర్ దగ్గరికి వెళ్ళాను. కమ్మీ లేదు. ఇంకా తొందరలే అనుకున్నాను. రేడియో ఆ కొస పట్టుకుంది, నేను ఈ కొస పట్టుకున్నాను. ఆవిడ రోజంతా మాట్లాడలేదు. కమ్మీ అలవాటు నాకు ఎటూ లేదు కాబట్టి నేను భయంతో చేసేదాన్ని. రోలర్ నోరు ఇంకా మూరెడు దూరం ఉండగానే దుప్పటి వదిలేసేదాన్ని. వంకరగా పోయేది. సూపర్‌వైజరు తిట్టేవాడు.

సాయంత్రం గుమ్మంలో అడుగుపెట్టగానే వదిన ముందు నా చేతులు చూసేది. ఆ తర్వాతే నోరు తెరిచేది.

“పెట్టారా?”

“ఇంకా లేదు వదినా.”

వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. అదే ప్రశ్న, అదే జవాబు. సూపర్‌వైజరుని అడిగితే పైనుంచి రావాలన్నాడు. చివరికి మేనేజరు గదికే వెళ్ళాను. ఈసారి కూర్చోమనలేదు.

“మా వదినకి మాటిచ్చారు సార్.”

“చూడండమ్మా, అధికారిగారి రిపోర్టు వచ్చింది. యంత్రంలో ఏ లోపమూ లేదని రాశారు. లోపం లేని యంత్రానికి మార్పులు చేయించాలంటే నేను పైవాళ్ళకి ఏమని చెప్పాలి? సమస్య భాషలో ఉందని తేలింది. అందుకే మీ క్లాసు ఇంకో గంట పెంచుతున్నాం. ప్రిపోజిషన్ల మీద కాస్త గట్టిగా దృష్టి పెట్టండి.”

ఆయన వెటకారంగా అనలేదు. అది నాకు మరీ అసహ్యమేసింది.

ఇంట్లో వదిన చిక్కిపోయింది. ఎడమచేత్తో తినడం చిరాకని కంచం పక్కకి తోసేసేది. అసలు కారణం అది కాదని మాకు తెలుసు. మా ఆయన చొక్కాల గురించి, ఉప్పు గురించి మాట్లాడటం మానేసింది. ఒకరోజు నేను డ్యూటీలో ఉండగా తనే బయల్దేరి లాండ్రీకి వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు. పనిలో లేనివాళ్ళకి ప్రవేశం లేదన్నాడు. మేనేజరుగారితో ఒక్క మాట మాట్లాడాలని ఆ మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడిందట. కారు బయటికొస్తే అడ్డం వెళ్ళిందట. అద్దం దించలేదు. వాచ్‌మన్ భుజం పట్టి పక్కకి జరిపాడు. ఈ సంగతి నాకు రేడియో చెప్పింది. విచారణ తర్వాత ఆవిడ నాతో అన్న మొదటి మాటలవే. చెబుతూ ఏడ్చేసింది.

“రేపు మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళింది,” అంది.

ఆ సాయంత్రం ఇల్లు చేరేసరికి వదిన గుమ్మంలోనే కూర్చుని ఉంది. మొహం ఎండకి కమిలిపోయి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నా చేతులు చూసింది. తర్వాత మొహం చూసింది.

“పెట్టారా?”

“పెట్టారు వదినా.”

ఆవిడ కదల్లేదు.

“నిజంగా?”

“ఇవాళ మధ్యాహ్నమే. నువ్వు వచ్చి వెళ్ళాక. మెకానిక్కు వచ్చి బిగించాడు.”

“చూశావా? నేను వెళ్ళాను కాబట్టి కదిలాడు. గట్టిగా అడిగేవాళ్ళు లేక ఇన్నాళ్ళు నాన్చాడు. రంగు వేశారా?”

“పసుపు రంగు.”

“మంచిదే, కనపడుతుంది. కణుపులకి తగులుతోందా?”

“తగులుతోంది.”

“గట్టిగా తగలాలే. మెత్తగా తగిలితే లాభం లేదు.”

“గట్టిగానే తగులుతోంది వదినా.”

లోపలికి వెళ్ళి కంచం తీసుకుని తనే వడ్డించుకుంది. కడుపునిండా తిన్నది. ఉప్పు తక్కువైందని నన్ను తిట్టింది. మా ఆయన నాకేసి చూశాడు. నేను ఆయనకేసి చూడలేదు.

మర్నాడు పొద్దున నేను బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చింది. “వెళ్ళిరా. ఇక నాకు భయం లేదు,” అంది. నేను రోలర్ దగ్గరికి వెళ్ళాను. దాని నోటి ముందు చోటు ఖాళీగానే ఉంది. రేడియో ఆ కొస పట్టుకుంది, నేను ఈ కొస పట్టుకున్నాను.

ఆరోజు సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి వదిన నా మొహం చూసి పలకరించింది. నా చేతులకేసి చూడలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ చూడలేదు.